ఎదుటోళ్ల మనసు మొహంలో తెలుస్తుందా? మీ ఉత్తరాలు, అక్క జవాబులు

పోయిన నెల ఒక చెల్లెలు 'మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, నేనే చూసి అర్థం చేసుకోవాలంట' అని రాసింది, వేశాం కదా. దాని పుణ్యమా అని ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఆ బాపతే, బాడీ లాంగ్వేజ్ గురించే. అందుకని అత్తాకోడళ్ల గొడవలు, పొలం గట్టు తగాదాలు వచ్చే నెలకి తోసి వీటినే పట్టుకున్నా. పేర్లు తీసేశా, ఊర్లు ఉంచా.

ప్రశ్న: అక్కా, నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చీరల షాపులో సేల్స్‌లో చేరా, మాది ఆత్మకూరు పక్కన పల్లె. చీర గురించి ఏం అడిగినా చెప్పగలను కానీ ఎదురుగా కూర్చున్నోళ్లు కొంటారో లేచిపోతారో నాకు అస్సలు తెలియట్లా. ఒకామె అరగంట నవ్వుతా మాట్లాడి 'చానా బాగుండాయి బాబూ' అని చెప్పి పోయింది, ఇంకొకామె మొహం ముడుచుకుని కూర్చుని రెండు పట్టుచీరలు బిల్లు ఏయించుకుంది. మా ఓనరు 'మనిషిని చూసి మాట్లాడరా' అని అందరి ముందరా అరుస్తాడు. నా పక్కన చేసే సీనియర్ అన్న మాత్రం మెట్లెక్కేటప్పుడే చెప్పేస్తాడు. అదెట్టా వస్తది అక్కా?

జవాబు: ముందు ఆ నవ్వు సంగతి తేల్చుకుందాం తమ్ముడూ. కొనే ఉద్దేశం లేనామే ఎక్కువ నవ్వుతుంది, ఎందుకంటే ఆమెకి మొహమాటం, నీ చేత ఇన్ని చీరలు తీయించి ఉత్త చేతులతో పోతున్నానే అని. కొనాలని వచ్చినామె బుర్రలో లెక్క నడస్తా ఉంటుంది, పెట్టుబడి చీరలు ఎన్ని, ఆడబిడ్డకి ఎంతలో పెట్టాలి, బ్లౌజు కుట్టుకూలి ఎంత, ఇవన్నీ, ఇంక మొహంలో నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది చెప్పు. కాబట్టి నువ్వు మొహం వదిలెయ్, చేతులు చూడు.

చీర పరిచినాక ఆమె చెయ్యి ఎక్కడికి పోతుందో చూడు. ఊరక చూసేవాళ్లు అరచేత్తో పైపైన నిమిరి వదిలేస్తారు. నచ్చినామె అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలుపుతుంది, కొంగు తిరగేసి వెనక జరీ ఎట్టుందో చూస్తుంది, వెంకటగిరి కాటన్ అయితే లైటుకి ఎత్తి పట్టుకుంటుంది. అన్నింటికన్నా నమ్మకమైన గుర్తు ఇంకోటి ఉంది, నువ్వు వేరే చీర తీసి పరుస్తా ఉంటే కళ్లు దాని మీద పెట్టి చెయ్యి మాత్రం పాత చీర మీదనే ఉంచుకుంటుంది చూడు, అప్పుడు దాన్ని మడత పెట్టమాక! మీ కుర్రోళ్లు చేసే పెద్ద తప్పు అదే, కౌంటరు శుభ్రంగా ఉండాలని నచ్చిన చీర కూడా చేతి కింద నుంచి లాగేస్తారు.

ఇంకోటి, చీర కొనడానికి ఒక్కరు రారు. కట్టుకునేది ఒకరు, డబ్బులిచ్చేది ఒకరు, 'బాగుంది' అని ముద్ర వెయ్యాల్సింది ఇంకొకరు. చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నాక ఆమె తల ఎవరి వైపు తిరుగుతుందో గమనించు, అత్తగారో అక్కో ఎవరో ఒకరు ఉంటారు, తర్వాత చీర పరిచేది వాళ్ల ముందర. మొగుడు గారు ఫోను చూస్తా మోకాలు ఊపుతా ఉంటే బేరం ఆయన కాడ చెడబోతుంది, ముందు ఆయనకి ఫ్యాను కింద కుర్చీ వేసి టీ చెప్పు.

రేటు దగ్గర జాగ్రత్త. రేటు చీటీ తిప్పి చూసి, చీరని ఒకసారి నిమిరి, చెయ్యి ఒళ్లో పెట్టేసుకుందంటే నచ్చలేదని కాదు, అందలేదని. అప్పుడు 'ఏమ్మా నచ్చలేదా, డిస్కౌంట్ ఉందమ్మా' అని పది మందికీ వినపడేట్టు అనబాక, ఆమె ఇంక ఆ షాపు మెట్లు ఎక్కదు. ఏం మాట్లాడకుండా అదే రంగు తక్కువ రకంలో తీసి పక్కన పరిచి 'ఇందులో కూడా వచ్చిందమ్మా' అను, చాలు. నన్నడిగితే ఎదుటోళ్లని కనిపెట్టడం సగమే పని, కనిపెట్టిన సంగతి వాళ్లకి తెలియనియ్యకుండా నడుచుకోవడం మిగతా సగం.

చేతులు కట్టుకుని కూర్చుంటే ఇష్టం లేనట్టు అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు నీకు. ఏసీ గాలి తిన్నగా మీద పడే చోట కూర్చోబెట్టి చేతులు కట్టుకున్నారంటే ఎట్టా, చలి పాపం. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదు, వచ్చినప్పుడు ఎట్టా ఉన్నారు, ఏ చీర తీసినాక మారారు, ఆ మార్పునే పట్టుకోవాలి. ఇక మీ సీనియర్ అన్న మెట్ల మీదే చెప్పేస్తాడన్నావే, ఆయన చూసేది మనసు కాదు నాయనా, ముహూర్తాల నెలలో నలుగురు పెద్దోళ్లు, చేతిలో చీటీ, ఖాళీ సంచులు, అవి చూస్తే నేను కూడా చెప్తా. తప్పిపోయినవి ఆయన లెక్క పెట్టుకోడు అంతే. అయినా ఆయన పక్కనే ఉండు, చెప్పినప్పుడల్లా 'ఏం చూసి అన్నావన్నా' అని అడుగు. నువ్వు కూడా మనసులో ఒక మాట అనుకుని బిల్లు కౌంటరు కాడ సరి చూసుకో.

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది ఒంగోలు, బీటెక్ ఫైనలియర్. క్యాంపస్ ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయి. యూట్యూబ్‌లో చూస్తే అందరూ మాటకి 7 శాతమే విలువ, గొంతుకి 38, బాడీ లాంగ్వేజ్‌కి 55 అంటున్నారు. కళ్లలోకే చూస్తూ ఉండాలంట, లోపలికి వెళ్లే ముందు బాత్రూంలో నడుము మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే కాన్ఫిడెన్స్ హార్మోన్ పెరుగుతుందంట. చెయ్యమంటారా?

జవాబు: ఆ 7-38-55 లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా సైకాలజిస్టు 1967లో చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. విడివిడి మాటలు రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఈ మాట అన్న మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా చెప్పమన్నారు. అంటే మాట ఒకటి మొహం ఒకటి చెప్తా ఉంటే, అదీ ఇష్టాయిష్టాల గురించి అయితే, జనం దేన్ని నమ్ముతారు అన్నదే ఆ లెక్క. మాట్లాడే ప్రతిదానికీ ఇది వర్తించదని ఆయనే చెప్పాడు, కోచింగుల వాళ్లు మాత్రం అంకెలు తీసుకుని ఆ ముక్క వదిలేశారు. నువ్వే ఆలోచించు, 'జావాలో ఇంటర్‌ఫేస్ అంటే ఏంటి' అని అడిగితే భుజాలు నిటారుగా పెట్టి చిరునవ్వుతో కూర్చుంటే 93 మార్కులు వేస్తారా ఎవరైనా?

బాత్రూం సంగతి 2010 నాటిది. డానా కార్నీ, ఎమీ కడ్డీ, ఆండీ యాప్ అని ముగ్గురు 42 మందితో చేసి, అట్టా నిలబడితే హార్మోన్లు మారతాయన్నారు. 2015లో వేరేవాళ్లు 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో ఏ మార్పూ కనపళ్లా. 2016కి కార్నీనే నాకిప్పుడు దాని మీద నమ్మకం లేదని రాసేసింది. నువ్వు నిలబడితే నష్టమేం లేదులే, బయట క్యూ లేకపోతే.

కళ్లలోకే చూస్తా కూర్చోమాక, వాళ్లకి భయమేస్తుంది. వాళ్లు అడిగేటప్పుడు చూడు, జవాబు ఆలోచించేటప్పుడు చూపు పక్కకి పోవడం మనుషులందరికీ మామూలే, పోనీ. ఇంట్లో పెద్దోళ్ల ముందు తల దించుకుని నిలబడటం మర్యాదని పెంచారు కదా మనల్ని, ఆ అలవాటుతో మొత్తం టేబుల్ వైపే చూస్తా మాట్లాడేవాళ్లు మన పక్క పిల్లలు చాలామంది, అది మాత్రం తగ్గించుకో. ఇంకోటి, మనం సరే అనడానికి తల పక్కకి ఊపుతాం, అవునన్నట్టూ కాకుండా కాదన్నట్టూ కాకుండా. మనోళ్లకి అర్థమవుద్ది, స్క్రీన్ మీద ఎక్కడో దేశంలో కూర్చున్నాయనకి అవునో కాదో తెలియదు. తల ఊపినా సరే నోటితో 'యెస్ సార్' అను.

వీటన్నింటి కన్నా నీకు పనికొచ్చేది వాళ్లని చూడటం. నువ్వు చెప్తా ఉంటే ఆయన పెన్ను కింద పెట్టి కాగితం తిప్పాడనుకో, పక్కనాయన వైపు చూశాడనుకో, ఆ వాక్యం ముగించి ఆపెయ్, వాళ్లకి కావల్సింది దొరికింది. ముందుకి వంగి ఇంకా రాసుకుంటా ఉంటే కొనసాగించు. కనుబొమ్మలు దగ్గరకొస్తే 'ఇంకోలా చెప్పమంటారా సార్' అని అడిగెయ్. అడిగితే తప్పేం కాదు.

ప్రశ్న: అక్కా, మాది ముత్తుకూరు పక్క. నేనూ మా బావమరిదీ కలిసి రొయ్యల గుంటలు లీజుకి తీసుకున్నాం, డబ్బులు నాయి, ఉండి చూసుకునేది వాడు. మేత లెక్క అడిగితే మాత్రం నా కళ్లలోకి చూడడు, నేల చూపులు, ముక్కు గోక్కుంటాడు, చెప్పిందే మళ్లీ చెప్తాడు. అబద్ధం ఆడేవాడు కళ్లలోకి చూడలేడంటారు కదా. ఇంట్లో దానికి చెప్తే 'మా తమ్ముణ్ణి దొంగంటావా' అని ఏడుపు. ఏం చెయ్యమంటావు?

జవాబు: అన్నా, కళ్లలోకి చూడకపోతే అబద్ధం అని ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా అనుకుంటారు, కానీ అది నిలవదు. బెల్లా డిపౌలో అనే ఆమె తోటివాళ్లతో కలిసి 2003లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే చూపు తప్పించడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం తేల్లా. 2006లో ఆమే చార్లెస్ బాండ్‌తో కలిసి ఇంకో లెక్క తీసింది, మనిషిని చూసి నిజమో అబద్ధమో చెప్పమంటే జనం సగటున 54 శాతం కరెక్టు. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తది కదన్నా. ఆ మిగతా నాలుగు కోసం ఇంటామెని ఏడిపిస్తావా?

అయితే వాడి ఒంట్లో నీకు ఏదో కనపడిందనేది నిజమే, దాన్ని కొట్టిపారెయ్యను. దాని అర్థం మాత్రం నువ్వు తొందరపడి రాసేసుకున్నావు. ఒక పని చెయ్, కరెంటు బిల్లు గురించి, ఏరియేటర్ రిపేరు గురించి మాట్లాడేటప్పుడు ఎట్టా ఉన్నాడో చూడు. అప్పుడూ నేల చూపులే అయితే అది వాడి స్వభావం, డబ్బు పెట్టిన బావ ముందు నిలబడి లెక్క చెప్పాలంటే ఎవరికైనా అంతే. అన్నిట్లో బాగానే ఉండి మేత మాట రాగానే బిగుసుకుపోతే మేత కాడ ఏదో ఉంది, అది దొంగతనమే కానక్కర్లా, డీలర్ దగ్గర అప్పు పెట్టి ఉండొచ్చు, మేత ఎక్కువేసి నీళ్లు చెడగొట్టుకుని భయపడతా ఉండొచ్చు, వాడినే ఎవడో మోసం చేసి సిగ్గుపడతా ఉండొచ్చు.

దాన్ని తేల్చేది మొహం కాదు, గుంట. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి గుంటలో పెట్టే చెక్ ట్రేలు నువ్వే ఒకరోజు లేపి చూడు, మేత మిగిలిపోతా ఉందా ఖాళీగా వస్తా ఉందా. వల వేయించి కౌంటు తీయి, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో. వనామీ రకానికి కిలో రొయ్య తీయడానికి కిలోన్నర అటూ ఇటూ మేత పడుద్ది, బస్తాల బిల్లులు ముందు పెట్టుకుని గుంటలో సరుకు అంచనాతో సరిచూస్తే తేడా ఉంటే అదే మాట్లాడుద్ది. ఇక అడిగేటప్పుడు ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని పోలీసోళ్ల మాదిరి అడగమాక. పొద్దున్నే గట్టు మీద ఇద్దరూ పక్కపక్కన నడస్తా 'ఏం బామ్మర్దీ, మేత కాడ ఏమన్నా ఇబ్బందిగా ఉందా, ఉంటే చెప్పు సర్దుకుందాం' అని చూడు. పక్కపక్కన నడిచేటప్పుడు మొహం చూడాల్సిన పని ఉండదు, మగోళ్ల నోట్లోంచి చాలా మాటలు అట్టానే వస్తాయి. వాడు ఏం చెప్పినా, చెప్పకపోయినా, షెడ్డులో ఒక పుస్తకం పెట్టి రోజూ మేత రాసి ఇద్దరూ సంతకం పెట్టే పద్ధతి ఈ పంట నుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: కావలి నుంచి రాస్తున్నా. నెల్లూరు కాలేజీకి రోజూ బస్సులో పోతా. ఒకమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది, ఎక్కగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది, సిగ్గు అనుకుంటా. ఫ్రెండ్స్ గ్రీన్ సిగ్నల్ రా అంటున్నారు. ప్రపోజ్ చెయ్యొచ్చా?

జవాబు: వద్దు. నవ్వుని లెక్కలోకి తీసుకున్నావు, ఇయర్‌ఫోన్స్‌ని ఎందుకు తీసుకోలా అబ్బాయ్? రోజూ కనపడే మొహం కాబట్టి నవ్వింది, మాట్లాడే ఉద్దేశం లేదు కాబట్టి కిటికీ వైపు తిరిగింది, రెండోది చాలా స్పష్టంగా చెప్తా ఉంది. ఆంటోనియా అబ్బీ అనే ఆమె 1982లోనే చూపించింది, ఆడపిల్ల మామూలుగా స్నేహంగా మాట్లాడితే మగపిల్లలు దాంట్లో లేనిది చూస్తారని. మీ ఫ్రెండ్సూ ఆ బాపతే. ఇయర్‌ఫోన్స్ లేనప్పుడు ఒకసారి బస్సు లేటు గురించో పరీక్షల గురించో ఒక మాట మాట్లాడు, తిరిగి ఆమె కూడా నిన్నేదైనా అడిగితే మాట ముందుకి పోద్ది. ఊ, ఆఁ అని వదిలేస్తే అంతటితో ఆపు. ఆమె కోసం సీటు మారడం, స్టాపు మారడం లాంటివి మాత్రం పెట్టుకోబాకు, భయపడుద్ది.

ప్రశ్న: అక్కా, ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆఫీసులో చేస్తా. మా సెక్షన్‌లో ఒకాయన ఏదైనా ఫైలు అడగాలంటే మీదకి వచ్చేసి నిలబడతాడు, నేను వెనక్కి జరిగితే ఇంకా ముందుకొస్తాడు. తిట్టేటంత తప్పేం చెయ్యలేదు కానీ నాకు వొళ్లు జలదరిస్తుంది. నా మొహంలో తెలియట్లేదా అతనికి? నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

జవాబు: ఎక్కువ ఊహించుకోవట్లేదమ్మా. ఎడ్వర్డ్ హాల్ అనే ఆయన అమెరికా వాళ్లని గమనించి 1966లో రాశాడు, తెలిసినవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఒకటిన్నర అడుగు నుంచి నాలుగు అడుగుల దూరం పాటిస్తారని, అంతకన్నా దగ్గరంటే ఇంట్లోవాళ్లకే అని. మన ఆర్టీసీ బస్సులో ఆ కొలత నిలవదు గానీ ఆఫీసులో ఖాళీ జాగా ఉండి కూడా మీదకొస్తే మన ఒళ్లు ఊరుకోదు.

అతనికి తెలియక చేస్తున్నాడా తెలిసే చేస్తున్నాడా అన్నది తేల్చుకోవడానికి నీ మొహం చూడక్కర్లా, మీ మేనేజర్ గదిలో అతను ఎక్కడ నిలబడతాడో చూడు. అక్కడ టేబులుకి ఇవతలే ఆగి చేతులు కట్టుకుని మాట్లాడుతూ నీ దగ్గరికొచ్చేసరికి మీదకి వంగాడంటే దూరం సంగతి అతనికి బాగానే తెలుసు. మేనేజర్ మీద కూడా అట్టానే పడిపోతుంటే అతనికి నిజంగానే తెలియదు. రెండిట్లో ఏదైనా నువ్వు వెనక్కి జరగడం ఆపు, నీ సైగలు చాలా అయిపోయాయి, ఇంక నోటితోనే. 'సార్, కొంచెం అవతల నిలబడి చెప్పండి, నాకు ఇబ్బందిగా ఉంది' అని పక్క సీటు వాళ్లకి వినపడేట్టు, నవ్వకుండా. నవ్వితే చెప్పిన మాట సగం కొట్టుకుపోద్ది. తెలియని మనిషైతే సారీ చెప్పి ఆపేస్తాడు.

ఆపకపోతే తేదీలు రాసిపెట్టుకో. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి పోవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, అందుకని చూద్దాంలే అని నాన్చొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే కూడా దారి చెప్తారు.

ప్రశ్న: మాది చీమకుర్తి. మా వాడు తొమ్మిదో తరగతి, చదువులో బాగానే ఉంటాడు. కానీ ఎవరి మొహం వైపూ చూడడు, చుట్టాలొస్తే వాళ్లు విసుగ్గా ఉన్నా క్రికెట్ స్కోర్లు చెప్తూనే ఉంటాడు, 'సరేలే నాన్నా' అంటే ఆపమని అని వాడికి తట్టదు. అందరూ పొగరు అంటున్నారు. నేను సైగ చేసినా అర్థం చేసుకోడు.

జవాబు: పొగరు కాదు తల్లీ, పొగరున్నవాడు చుట్టాలకి స్కోర్లు చెప్పడు, గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. కొంతమంది పిల్లలకి మొహాలు, సైగలు వాటంతట అవి అర్థం కావు, నేర్పితే కొంత వస్తాయి. వెనకటి నుంచీ ఇట్టానే ఉంటే, శబ్దాలకి చికాకుపడటం, రోజూ ఒకే పద్ధతి కావాలనడం కూడా ఉంటే, ఆటిజం ఉందేమో పిల్లల డాక్టర్‌కో సైకాలజిస్టుకో ఒకసారి చూపించు, భయపడాల్సింది లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లకి వచ్చి పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అదే ఆర్‌బీఎస్‌కే టీములు ఉంటాయి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ప్రభుత్వమే పెట్టింది, వాళ్లనడిగితే జిల్లాలో ఉండే వాళ్ల పరీక్షా కేంద్రానికి రాసిస్తారు. అదేం కాదని తేలినా మంచిదే.

ఇంట్లో మాత్రం నువ్వు సైగలు మానెయ్. వాడికి కళ్లెర్రజేసి, దగ్గి, కాలు తొక్కి చెప్పే బదులు 'పెద్దమ్మ అలిసిపోయింది, స్కోర్లు రేపు చెబుదువులే' అని మామూలు మాటలో చెప్పు. కళ్లలోకి చూడు చూడు అని గడ్డం పట్టుకుని తిప్పొద్దు, కొంతమందికి అది నిజంగా బాధగా ఉంటుంది. డామియన్ మిల్టన్ అని ఒకాయన, ఆయనకే ఆటిజం ఉంది, 2012లో ఒక మంచి మాట రాశాడు, మా మొహాలు మీకు అర్థం కావు, మీవి మాకు అర్థం కావు, తప్పు ఒక్క వైపే ఎందుకు వేస్తారు అని. మీ చుట్టాలు కూడా వాడి మొహం సరిగ్గా చదవలేదు కదా, ఇష్టంతో చెప్పేదాన్ని పొగరన్నారు.

ప్రశ్న: వేదాయపాళెం నుంచి. వచ్చిన చుట్టాలు లేవరు అక్కా, ఆవలించినా అర్థం చేసుకోరు. సైగ ఏదైనా చెప్పు.

జవాబు: మన పక్క 'ఇంక ఎళ్లొస్తాం' అని మొదటిసారి అన్నాక నిజంగా కదలడానికి అరగంట పడుద్ది, తర్వాత గేటు కాడ ఇంకో అరగంట, అది లెక్కలో వేసుకుని మొదలుపెట్టాలి నువ్వు. వాళ్లు అడగకుండా బొట్టు పళ్లెం తెచ్చావా గొడవైపోద్ది, ఆ పని చెయ్యమాక. వాళ్ల పిల్లోడి చెప్పులు ఎక్కడున్నాయో వెతకడం మొదలుపెట్టు, బాగా పనిచేస్తది. లేదంటే 'ఇంకోసారి టీ పెట్టమంటారా' అని లేవకుండా కూర్చునే అడుగు, తెలిసినవాళ్లకి తెలుస్తది. 'పెట్టు' అన్నారనుకో, వాళ్లు రాత్రి భోజనానికి కూడా ఉంటారు, పోయి బియ్యం కడుగు.